ఒక్కసారే పిలిచే ఫోను

జయప్రకాశ్ నా నోటికాడి కూడు తీసేశాడు. కంప్యూటర్ తీసేసిందంటాడు గానీ, దాన్ని తెచ్చి మా నెత్తిన పెట్టింది అతనే. సెల్ టవర్ల కంపెనీలో హెచ్‌ఆర్ అతను, హైదరాబాదులో ఏసీ గదిలో ఉంటాడు. నేను బూర్గంపాడు అవతల అడవి అంచున టవర్‌కు కాపలా. ఆ జీతం మీదే మా ఇల్లు.

2008లో సంతకాలు ఎత్తేసి ఫోన్ హాజరు పెట్టారు. పొద్దుగూకే వేళ టవర్ గదిలో ఫోన్ మోగుతుంది. ఎత్తితే ఆడగొంతు మన పేరు ఒక్కసారి పిలుస్తుంది. "ఉన్నా" అనాలి. మూడు గైర్హాజర్లు పడితే కొలువు పోతుంది.

మా వైపు ఆ వేళ అడవిలో పేరు వినబడితే, మూడోసారి పిలిచేదాకా ఎవరూ పలకరు. మనిషైతే మళ్లీ పిలుస్తాడు. మనిషి కానిది ఒక్కసారే పిలుస్తుంది.

"మూడుసార్లు పిలిచేటట్టు పెట్టుండ్రి సారూ" అని అడిగాను.

"ఏంటి గోపాలూ, మీ దయ్యాలకి కూడా జీతాలివ్వాలా?" అని నవ్వాడు జయప్రకాశ్.

పక్క టవర్ జంపయ్య కూడా నవ్వాడు. "అది మిషిను బావా. నీ ఇంట్ల ఉన్న మా అక్క లెక్క కొడ్తదా ఏంది, గంతగనం బెదురుతున్నవ్?"

అతను పిలవగానే పలికేవాడు. నేనూ గుండె చిక్కబట్టుకుని పలికాను.

ఎండాకాలం, బీడీలకు తునికాకు కోసే రోజుల్లో జంపయ్య మాయమయ్యాడు. చెప్పులు అతని టవర్ గది గడప దగ్గరే ఉన్నాయి. అతని భార్య నాగక్క ఆఫీసుకు ఫోన్ చేస్తే, "ఎక్కడికి పోతాడమ్మా, రోజూ హాజరు పలుకుతున్నాడుగా" అన్నారట.

నా టవర్ వదిలి ఆమె వెంట జంపయ్య టవర్ దగ్గరికి వెళ్లాను. పొద్దు గూకింది. ఖాళీ గదిలో ఫోన్ మోగింది. మేమెవరం ముట్టకుండానే మోత ఆగింది. చెట్ల లోపలి నుంచి "ఉన్నా" అని జంపయ్య గొంతు వినబడింది.

"ఊకో చెల్లే, పలకకు" అని నాగక్క నోరు మూశాను.

ఆ పూట నాకు గైర్హాజరు పడింది. మర్నాడు నా టవర్ గదిలో ఫోన్ ఎత్తితే ఆడగొంతు లేదు. "గోపాలు బావా" అంది జంపయ్య గొంతు. పలకకుండా రెండో పిలుపు కోసం ఆగాను. రాలేదు. ఆ మర్నాడూ అంతే. మూడు గైర్హాజర్లు నిండాయి, కొలువు పోయింది.

జయప్రకాశ్‌కు ఫోన్ చేశాను. "సిస్టమ్ తీసేసింది, నా చేతుల్లో ఏం లేదు" అన్నాడు.

"మనిషే లేడు సారూ, జంపయ్యకు హాజరెట్ల ఏస్తుండ్రు?"

"నీకన్నా అతనే నయం. పిలిస్తే పలుకుతాడు."

"కొలువు కోసం మీకిచ్చిన పైసలన్న మర్లియ్యుండ్రి."

"ఏ పైసలు?" అని పెట్టేశాడు.

ఆ పైసల కోసం కారేపల్లిలో నేను అమ్ముకున్నది ఎకరం పన్నెండు గుంటలు.