అక్క వేసిన పక్క

పందెం బస్సులోనే పడింది.

"ఈ రెండు రోజుల్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నీ అంతట నువ్వు 'హాయిగా ఉంది' అనాలి. అన్నావంటే ఆ నర్సింగ్ హోమ్‌లో చేరకూడదు," అంది పొట్టి.

"అనకపోతే?" అంది అక్క, కిటికీ అద్దం మీది మురికిని చేతిరుమాలుతో తుడుస్తూ.

"సోమవారం నుంచి నిక్షేపంగా వెళ్ళు. నేను నోరెత్తను."

"నువ్వు నోరెత్తకపోవడమా! అది చూడ్డానికైనా గెలిచి తీరతా," అంది అక్క. ఆ అద్దం అయిపోయిందని ముందు సీటు వాళ్ళ అద్దం మీద కన్నేసింది.

పొట్టి అన్నది ముద్దుపేరు మాత్రమే. మనిషి అక్క కంటే తలంత ఎత్తు ఎక్కువ. దుకాణాలకు తూకం మిషన్లు అమ్మే కంపెనీలో సేల్స్ ఉద్యోగం కాబట్టి కాలికి బలపం కట్టుకుని ఊళ్ళు తిరగడమే ఆమె పని. ఏ ఊరు వెళ్ళినా పట్టుబట్టి ఒకే కంపెనీ హోటల్లో దిగేది. అలా దిగినప్పుడల్లా ఆమె పేర పాయింట్లు పడేవి. బస్టాండు పక్క హోటల్, ఫ్యాక్టరీ రోడ్డు హోటల్, కిటికీ తీస్తే ఎదురింటి గోడ చేతికి తగిలే హోటల్... ఇలాంటివాటిలో ఏళ్ళ తరబడి ఒంటరిగా పడుకుని, చివరికి గోల్డ్ మెంబరైంది. కూడబెట్టిన పాయింట్లన్నీ ఇప్పుడు ఒక్క దెబ్బకు ధారపోసి, అదే కంపెనీ వాళ్ళ సరస్సు ఒడ్డు రిసార్టులో రెండు రాత్రులు బుక్ చేసింది. తన కోసమైతే చేసేది కాదు. అంతా అక్క కోసమే.

అక్క పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. పోయిన వారమే రిటైరైంది. అమ్మ పోయేటప్పటికి పొట్టికి ఊహ కూడా తెలియదు. పెంచింది, చదివించింది, పెళ్ళి చేసింది అంతా అక్కే. మరి నీ పెళ్ళో అంటే "తీరిక దొరకలేదు" అనేది. వార్డుల్లో తిరిగి తిరిగి మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక నిలబడే ఉద్యోగం వద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఆవిడ వింటేగా! ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని, ఎవరిదో నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీకి ఒప్పేసుకుంది. పొట్టి బతిమాలింది, అలిగింది, ఏడ్చింది. అక్క దగ్గర ఆ పప్పులేవీ ఉడకలేదు. ఇక మిగిలింది ఈ సరస్సే.

చిక్కల్లా ఏమిటంటే, అక్క దేన్నీ పొరపాటున కూడా బాగుందని అనదు. చెల్లెలు క్లాసులో ఫస్టు వచ్చినా, చెల్లెలికి బంగారం లాంటి మొగుడు దొరికినా, కవల పిల్లలు పుట్టినా ఆవిడ నోటి వెంట వచ్చిన మాట ఒక్కటే. "పర్వాలేదు."

రిసార్టు గుమ్మంలో అడుగు పెట్టగానే, "గోల్డ్ మెంబర్ గారికి స్వాగతం!" అంటూ కౌంటర్ అబ్బాయి చేతులు జోడించాడు. ఎవరో చల్లటి జ్యూస్ తెచ్చారు. ఇంకెవరో పళ్ళెంలో గోరువెచ్చటి తడి తువ్వాళ్ళు తెచ్చారు, అవి గుబాళిస్తున్నాయి. పొట్టి గాల్లో తేలిపోయింది. బస్టాండు పక్క హోటల్లో గోల్డ్ మెంబరంటే మంచినీళ్ళ సీసా ఒకటి ఎక్కువ ఇచ్చేవాళ్ళు, అంతే. ఆమె తువ్వాలును మొహానికి అద్దుకుని కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచేసరికి అక్క తన తువ్వాలుతో కౌంటర్ బల్ల తుడుస్తోంది.

"అక్కా! అది మొహానికి!"

"మొహం శుభ్రంగానే ఉంది. ఇక్కడే జ్యూస్ మరకలున్నాయి."

గది రెండో అంతస్తులో ఉంది. తెర లాగితే సరస్సంతా గదిలోకి వచ్చేసినట్టుంది. అవతలి ఒడ్డున కొండలు, నీళ్ళ మీద ఎండ, ఎగిరే కొంగలు. పొట్టి చిన్నపిల్లలా గెంతుతూ అక్క మొహంలోకి చూసింది.

"నీళ్ళు బాగానే పట్టించారు. పర్వాలేదు," అని అక్క వంగి మంచం కింద దుమ్ము ఉందేమోనని చూసింది.

మర్నాడు పొద్దున పొట్టి స్నానం చేసి వచ్చేసరికి గది గదిలా లేదు. మంచాలు రెండూ ఆసుపత్రి మంచాల్లా తయారయ్యాయి. దుప్పటి మూలలు కవరు అంచుల్లా మడిచి, పరుపు కిందికి బిగించి దోపి, మీద ముడత అన్నది లేకుండా లాగి పెట్టింది. సంచులు అల్మరాలోకి పోయాయి. తువ్వాళ్ళు మడతలు పడ్డాయి. చెత్తబుట్ట ఖాళీ అయింది.

"అదంతా వాళ్ళొచ్చి చేస్తారక్కా! నిన్ను ఇక్కడికి తెచ్చిందే అందుకు కదా!"

"మనం పడుకున్న పక్క మనం వేసుకోకపోతే ఎట్లా? రౌండ్స్‌కి ఎవరైనా వస్తే?"

"రౌండ్స్‌కి ఎవరొస్తారక్కా ఇక్కడ? చేపలా?"

ఇంకాసేపుంటే బాత్రూం కూడా కడిగేస్తుందని భయపడి, "పద పద, పడవ ఎక్కుదాం," అని పొట్టి మెట్లు దూకుతూ ముందు పరుగెత్తింది. అక్క మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా దిగి, కౌంటర్ దగ్గర ఒక నిమిషం ఆగి, ఆ తర్వాత వచ్చింది.

పడవ బాతు ఆకారంలో ఉంది. కాళ్ళతో తొక్కితే కదులుతుంది. తొక్కడం పొట్టి వంతు, ముందున్న పిడి పట్టుకుని దారి తిప్పడం అక్క వంతు. నీళ్ళు చూడగానే అక్క ఆ పిడిని ఒకవైపుకే తిప్పి, రెండు చేతులా బిగించి పట్టుకుంది. ఇంకేముంది! పొట్టి ఎంత తొక్కితే బాతు అంత గిరగిరా తిరగసాగింది. ఒడ్డున పడవలవాడు ఈల ఊది ఊది అలిసిపోయాడు. పొట్టి కడుపు పట్టుకుని నవ్వుతోంది, నవ్వుతూ తొక్కుతోంది.

అప్పుడు చల్లటి గాలి వీచింది. అక్క కళ్ళు సగం మూసి, తల వెనక్కి వాల్చి, "హా..." అంది.

పొట్టి ఆత్రంలో ఇంకా జోరుగా తొక్కింది. "ఆఁ! చెప్పక్కా! హా...?"

"హాచ్!"

ఆ తుమ్ము అదురుకు అక్క చేయి జారింది. తిరిగి తిరిగి అప్పటికే ఒడ్డు దాపుకు చేరిన బాతు, నేరుగా వెళ్ళి పడవలెక్కే చెక్క వంతెనను గుద్దింది. నీళ్ళు లేచి ఇద్దరినీ నిలువునా తడిపేశాయి.

బట్టల్లోంచి నీళ్ళు కారుతుండగా మెట్ల దాకా వచ్చాక పొట్టి చెయ్యి చాపింది. "కీ ఇలా ఇవ్వక్కా."

"నా దగ్గరెందుకుంటుంది? పొద్దున్నే కౌంటర్లో అప్పజెప్పా."

పొట్టి వెనక్కి వెళ్ళి అడిగింది. కౌంటర్ అబ్బాయి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేడమ్... మీరు గది ఖాళీ చేసేశారు కదా?"

"మేమా? ఎప్పుడు?"

"పొద్దున ఈ పెద్దమ్మగారు రెండు కీలూ ఇచ్చి, 'అంతా సర్దేశాం, చూసుకోండి' అన్నారు. 'మా దగ్గర బాగుందా అమ్మా' అంటే 'పర్వాలేదు' అన్నారు. మా మనిషిని పంపితే గది ఖాళీ అని చెప్పింది. దాంతో వేరేవాళ్ళకి ఇచ్చేశాం మేడమ్."

"డ్యూటీ దిగేటప్పుడు తాళాలు అప్పజెప్పకుండా పోతారా ఎక్కడైనా?" అంది అక్క. తన తప్పు ఏమిటో ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు.

గదులు సర్దే ఆవిడ పరుగున వచ్చి లెంపలేసుకున్నంత పనిచేసింది. "తిట్టకండమ్మా. ఆ మంచాలు చూసి మా సూపర్‌వైజరే వేసిందనుకున్నా. అంత నీటుగా ఉన్న గదిని నా సర్వీసులో చూళ్ళేదు. మనుషులున్న గదంటే అట్లా ఉంటుందా? అల్మరా తెరవాలని తోచనే లేదు."

తమ సంచుల కోసం ఇద్దరూ పైకి వెళ్ళారు. తలుపు తీసిన పెద్దాయన నోట్లో పొట్టి తెచ్చుకున్న బిస్కెట్ ఉంది. వెనక ఆయన భార్య అక్క నీలం స్వెటర్ తొడుక్కుని అద్దంలో చూసుకుంటోంది.

"ఈ హోటల్ వాళ్ళకెంత ముందుచూపండీ! చలేస్తుందని స్వెటర్ కూడా పెట్టారు. అచ్చం నా కొలతే!" అందావిడ వెనక్కి తిరక్కుండానే.

పొట్టికి కోపం రావలసింది, నవ్వు వచ్చింది. అక్కకు మాత్రం నిజంగానే ఒళ్ళు మండింది. "స్వెటర్ మీరే ఉంచుకోండమ్మా, నాకింకోటి ఉంది. ఆ మంచం మీద తడి తువ్వాలు వేసిందెవరు? ముందు అది చెప్పండి!"

పెద్దాయన బిక్కమొహం వేసి తువ్వాలు తీశాడు.

సంచులతో కిందికి దిగాక మాత్రం పొట్టికి నవ్వు ఆగిపోయింది. హోటలంతా నిండిపోయిందట. ఇప్పుడు ఇంటికి పోవడమంటే పందెం పోయినట్టే. సోమవారం రాత్రి అక్క ఆ అరిగిన మోకాళ్ళతో మళ్ళీ వార్డులో నిలబడుతుంది. ఇన్నేళ్ళు ఇరుకు గదుల్లో పడి సంపాదించుకున్నదంతా ఒక్క పూటలో నీళ్ళపాలైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మేనేజర్ చేతులు నులుముకుంటూ వచ్చాడు. "గోల్డ్ మెంబర్‌కి ఇలా జరగడం మాకు తలవంపులు మేడమ్. గది ఒకటుంది. నీళ్ళ మీదే కట్టింది. బుక్ చేసుకున్నవాళ్ళు రావట్లేదని ఇందాకే ఫోన్ చేశారు. కాకపోతే అది..." అని నీళ్ళు నమిలాడు.

"కాకపోతే ఏంటి?"

"హనీమూన్ గది మేడమ్."

"మంచం ఉందా?" అంది అక్క.

"ఉందమ్మా."

"అయితే చాలు. పద పొట్టీ, తడిబట్టలతో నిలబడితే జలుబు చేస్తుంది."

మంచం ఉన్న మాట నిజమే. అయితే అది గుండ్రంగా ఉంది. గది నడిమధ్యన, చక్రంలా. దాని మీద గులాబీ రేకులు, రేకుల మధ్య తువ్వాళ్ళతో చేసిన రెండు హంసలు ముక్కూ ముక్కూ ఆనించుకుని కూర్చున్నాయి. పొట్టి నేల మీద కూలబడి నవ్వింది. అక్క హంసల్ని విప్పి మడతపెట్టేసి, రేకుల్ని ఏరి బుట్టలో వేసి, మంచం చుట్టూ ఒకసారి అనుమానంగా తిరిగింది. ఆ సాయంత్రమంతా పొట్టి అడగని తీరు లేదు. గాలి ఎలా ఉందక్కా? పర్వాలేదు. టీ? పర్వాలేదు. అదిగో సూర్యుడు మునుగుతున్నాడు చూడు? రోజూ మునిగేదే కదా. పొట్టి ఆశ వదిలేసి పడుకుంది.

పొద్దున కింద నుంచి దుప్పటి ఎవరో లాగుతున్నట్టయి మెలకువ వచ్చింది. చూస్తే అక్క. దుప్పటి అంచు పట్టుకుని మంచం చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది.

"ఏం చేస్తున్నావక్కా?"

"మూల వెతుకుతున్నా."

ఇటు దోపితే అటు వదులవుతోంది. అటు లాగితే ఇటు ముడత పడుతోంది. మడతపెట్టాలంటే మూల ఉండాలి, మూల ఎక్కడుందీ? ఇంకో చుట్టు తిరిగింది. కసి కొద్దీ గట్టిగా లాగింది. దుప్పటి మొత్తం ఊడి చేతిలోకి వచ్చి నెత్తిన పడింది. పొట్టి దిండు నోట్లో కుక్కుకుంది.

దుప్పటి లోపలి నుంచి అక్క గొంతు వినిపించింది. "ఇన్నేళ్ళ సర్వీసులో నాకు లొంగని మంచం లేదే పొట్టీ!"

ఆ దుప్పటి ముందు సన్నగా వణికింది. తర్వాత గట్టిగా ఊగింది. అక్క నవ్వుతోంది! మూతి బిగించి నవ్వే అక్క పగలబడి, పైకి వినబడేలా, కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతోంది. దుప్పటి పక్కకు విసిరేసి, చేతులు రెండూ బార్లా చాపి, దబ్బున మంచం మీద వెల్లకిలా పడింది. నీళ్ళ మీది వెలుగు పైకప్పు మీద కదులుతోంది. అక్క దాన్నే చూస్తూ చాలాసేపు అలాగే ఉంది.

"హాయిగా ఉందే," అంది.

పొట్టి నోట్లోంచి దిండు జారిపడింది.

"విన్నావా లేదా? రెండోసారి చెప్పను."

పొట్టి వేసిన కేకకు సరస్సు మీది కొంగలు లేచిపోయాయి. మంచం మీదే గెంతింది, అక్కను పట్టుకుని బుగ్గలు పిండేసింది. అక్క ఆమెను ఒక చేత్తో తోస్తూ ఇంకో చేత్తో నర్సింగ్ హోమ్‌కు ఫోన్ కలిపింది.

"నేనండీ, సిస్టర్ని. సోమవారం నుంచి రావడం కుదరదు. ఇంకెవర్నైనా చూసుకోండి."

"అయ్యో, అదేంటి సిస్టరమ్మా? మంచం పట్టారా?" అవతలి గొంతు కంగారుపడింది.

"పట్టానండీ. వదలబుద్ధి కావట్లేదు."

ఫోన్ పెట్టేసి, "నీ పాయింట్లు ఇంకేమైనా మిగిలాయా?" అంది.

"ఎక్కడివక్కా, అన్నీ ఊడ్చిపెట్టేశా."

"మళ్ళీ ఊళ్ళు తిరుగుతావుగా. ఈసారి నేనూ వస్తా. నువ్వు మిషన్లు అమ్ముకో, నేను గదిలో పడుకుంటా."

పొట్టి అక్క భుజం మీద తల పెట్టుకుంది.

తలుపు మీద ఎవరో తట్టారు. నిన్నటి ఆవిడే. "గది సర్దమంటారా అమ్మా?"

అక్క లేవలేదు. తల కూడా ఎత్తలేదు. వార్డు ఆ చివరి దాకా వినిపించే గొంతుతో ఒక్క అరుపు అరిచింది.

"ఖాళీ లేదమ్మా! లోపల మనుషులున్నారు! పక్క కూడా వెయ్యలేదు!"