అడగడానికి వచ్చినవాళ్లు

శుక్రవారం నమాజులయ్యాయి, భోజనాలయ్యాయి. గిన్నెలు తోమి ఇక కాసేపు నడుం వాలుద్దామనుకుంటుంటే మా ఆయన ఫాయిజ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "కాఫీ పెట్టు. పది మంది దాకా వస్తారు. ఏలకులు కాస్త దండిగా వెయ్యి, జాహా వస్తోంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. జాహా అంటే పెద్దలంతా కలిసి పిల్లనడగడానికో, రక్తం చిందిన చోట రాజీ అడగడానికో గుమ్మం తొక్కడం. మాకున్నది ఒక్కగానొక్క కొడుకు, యజన్. "ఆడపిల్ల లేని ఇంటికి జాహా ఏమిటి? నన్నేమైనా రెండో పెళ్లికి అడుగుతున్నారా?" అన్నాను. అతను నవ్వలేదు. "నీ గురించే. నువ్వు యూనివర్సిటీలో పెట్టిన ఫిర్యాదు గురించి. మందుల ఫ్యాక్టరీ సుహైల్ గారు మా పెదనాన్నని పట్టుకున్నాడు" అని, నా మొహం చూడకుండా ముందుగదిలో గ్యాసు కుంపటి వెలిగించడానికి వెళ్లిపోయాడు.

నేను ఏలకులు దంచడం మొదలుపెట్టాను. ఇంకేం చెయ్యాలో తోచనప్పుడు చేతులు వాటంతటవే పని వెతుక్కుంటాయి.

మా ఊరు ఇర్బిద్‌లో యూనివర్సిటీకి ఉద్యోగ సంబంధాల విభాగమని ఒకటుంది. నేనందులో సమన్వయకర్తని. పేరు గొప్ప, చేసేది పెళ్లిళ్ల పేరయ్య పని. ఫ్యాక్టరీలకీ బ్యాంకులకీ ఫోన్లు చేసి, మా పిల్లలు బంగారాలని చెప్పి, ఒక సెమిస్టర్ శిక్షణకి వాళ్లని ఒప్పించాలి. ఆ శిక్షణ పూర్తయిందని కంపెనీ అంటేనే డిగ్రీ చేతికొస్తుంది. పని జరిగే చోటే పని నేర్చుకోవాలి, చదువయ్యేసరికి ఉద్యోగం ఎదురుచూస్తూ ఉండాలి అన్నది మంచి మాటే. ఇప్పటికీ నేను నమ్మే మాట. ఒప్పందం మీద సంతకాల రోజు మాత్రం ఫోటోలో మా డైరెక్టర్ ముతసిమ్ గారుంటారు, కంపెనీ యజమాని ఉంటాడు, ఇద్దరి మధ్యా చిన్న చిన్న జెండాలుంటాయి. బల్లమీది గుడ్డని ఇంటి దగ్గర ఇస్త్రీ చేసి తెచ్చిన నేను ఫోటో తీసేవాడి వెనక ఉంటాను. "ఉమ్ యజన్ చెయ్యి పడితే ఆఫీసు కూడా పెళ్లిల్లులా ఉంటుంది" అంటారు ముతసిమ్ గారు, పొగిడాననుకుని. మా దగ్గర కొడుకు పేరుతోనే పిలుస్తారు, నేను ఉమ్ యజన్‌ని, అంటే యజన్ తల్లిని; ఫాయిజ్ అబూ యజన్, యజన్ తండ్రి. ఇంటికొస్తే ఫాయిజ్ ఇంకోలా అంటాడు. "మగాళ్లతో గంటలకి గంటలు ఫోన్లో నవ్వుతూ మాట్లాడినందుకు జీతమిచ్చే ఉద్యోగం ఊరు మొత్తం మీద నీదొక్కటే." ముందుగదిలో సోఫాలు ఆ నవ్వుల జీతంతో కొన్నవే. జాహా వచ్చి కూర్చోబోయేది వాటి మీదే.

ఆ మందుల ఫ్యాక్టరీ మా విభాగానికి పెద్దల్లుడి లాంటిది. అలిగితే అందరం పరిగెత్తాలి. ఏటా వాళ్ల మనుషులొచ్చి, ఉద్యోగానికి ఎలా తయారవ్వాలో మా పిల్లలకి పాఠం చెప్తారు. అబ్బాయిలకి చొరవ ఉండాలంటారు. అమ్మాయిలకి ఓర్పుండాలి, మొహమ్మీద చిరునవ్వుండాలి అంటారు. నేను వెనక వరసలో కూర్చుని, ఓర్పు నేర్పడానికి బయటినుంచి మనుషుల్ని పిలిపించడమెందుకు, ఇళ్లలో అత్తగార్లు లేరా అనుకునేదాన్ని. పైకి అనలేదు. టీలు అందుతున్నాయో లేదో చూసుకునేదాన్ని.

ఈ ఏడు అక్కడికి పంపినవాళ్లలో బతూల్ ఒకతి. రసాయనశాస్త్రం చివరి ఏడాది, క్లాసులో మొదటి పిల్ల. వెళ్లింది ల్యాబ్ పనికి. తీరా వెళ్లాక అబ్బాయిల్ని ల్యాబ్‌లోకి తీసుకుని, అమ్మాయిల్ని అట్టపెట్టెలు మడిచే బల్ల దగ్గర నిలబెట్టారు. కూలి లేదు, శిక్షణ కదా. చిరునవ్వుతోనే పెట్టెలు మడిచింది పాపం. నెల చూసి, మాకు ల్యాబ్ ఎప్పుడని అడిగింది. "సాయంత్రం అందరూ వెళ్లాక రా, నేనే నేర్పుతా" అన్నాడు ల్యాబ్ పెద్ద. వెళ్లింది. నేర్చుకోవడానికే వెళ్లింది. అతను తలుపు గడియ పెట్టి చెయ్యేశాడు. మోచేత్తో పొడిచి, గడియ తీసుకుని, వానలో పెద్ద రోడ్డు దాకా పరిగెత్తింది. మర్నాడు నా గదిలో కూర్చుని, కోటుకి బొత్తాం ఊడిన చోటునే చూస్తూ ఇదంతా చెప్పింది. "ఇంట్లో తెలియకూడదు మేడం. తెలిస్తే వాణ్ని ఏమీ అనరు, నా చదువు మాన్పిస్తారు" అంది. వారం తిరక్కుండా ఫ్యాక్టరీ కబురు పంపింది. ఈ అమ్మాయికి క్రమశిక్షణ లేదు, శిక్షణ పూర్తి కాలేదు అని. అంటే డిగ్రీ లేదు.

అప్పుడు ఫిర్యాదు పెట్టాను. విచారణ జరిగేదాకా ఆ ఫ్యాక్టరీకి ఒక్క అమ్మాయినీ పంపకూడదు, ఈ అమ్మాయి శిక్షణ పూర్తయినట్టే చూడాలి అన్నాను. బతూల్ పేరు విచారణ కమిటీ అధ్యక్షురాలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మాకు సెలవు శుక్ర, శనివారాలు, కమిటీ ఆదివారం కూర్చుంటుంది. నేను నా మాట మీద నిలబడితే బతూల్‌కి డిగ్రీ వస్తుంది. వెనక్కి తీసుకుంటే రాదు, వచ్చే ఏడు ఇంకో పిల్ల ఆ బల్ల దగ్గర నిలబడుతుంది. ముతసిమ్ గారు గదికి పిలిచి, "పెద్దింటి సంబంధం తెంపుకుంటామా ఉమ్ యజన్? మనకి కొత్త ల్యాబ్ కట్టిస్తామంటున్నారు" అన్నారు. అందులో అమ్మాయిలకి చోటుంటుందా సార్ అన్నాను. "నువ్వు తల్లివి. ఆవేశం సహజం" అన్నారు.

వాళ్లొచ్చారు. ముందుగదికీ వంటింటికీ మధ్య ఉన్నది ఒక పరదాయే కాబట్టి అన్నీ వినబడుతున్నాయి. ముతసిమ్ గారి దగ్గు గుర్తుపట్టాను, సుహైల్ గారి అత్తరు గుర్తుపట్టాను. ఫాయిజ్ కాఫీ పోస్తూ ఒక్కొక్కర్నే పలకరిస్తున్నాడు. చివరికి అతని పెదనాన్న హాజ్ నాయిఫ్ గొంతు సవరించుకున్నాడు. మా వాళ్లలో ఆయన మాటంటే మాట. నా పెళ్లప్పుడు నన్నడగడానికి మా నాన్న ఇంటికొచ్చిన జాహాకీ ఆయనే పెద్ద.

"అబూ యజన్, అడగదగ్గ మనిషివని నీ గుమ్మం తొక్కాం. మీ ఇంట్లోవాళ్లు తొందరపడి ఏదో ఫిర్యాదు పెట్టారట. కుర్రకారు మధ్య చిన్న పొరపాటు. ఆడవాళ్ల మనసు మెత్తన, విన్నదల్లా నమ్ముతారు. అది వెనక్కి రావాలి. నువ్వు ఔననేదాకా ఈ కాఫీ మాకొద్దు."

గాజుబల్ల మీద ఆయన కప్పు చప్పుడు వినబడింది. వెంటనే మిగతా కప్పులు కూడా, టకటకమని. అడిగింది ఇస్తామంటేనే ఆ కాఫీ పెదవికి తాకుతుంది. అది అలాగే వదిలేసి లేచిపోయారంటే ఇక ఆ ఇంటి పరువు గురించి ఊరంతా నెలల తరబడి చెప్పుకుంటుంది. నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లి సంబంధమైతే పెళ్లికూతురినైనా లోపలికొచ్చి నీకిష్టమేనా అని ఓ మాట అడుగుతారు. నన్ను ఆ మాత్రం కూడా అడగలేదు.

ఖర్జూరాల వంకతో ఫాయిజ్ వంటింట్లోకి వచ్చాడు.

"కప్పులు ముట్టుకోవట్లేదు వాళ్లు."

"ఏం, చేదెక్కువైందా?"

"వేళాకోళాలొద్దు. సరేనని చెప్పేస్తున్నాను. ఆదివారం వెళ్లి పొరపాటైందని ఒక్క మాటనెయ్. సుహైల్ గారు యజన్‌ని ఎండాకాలం నుంచి తీసుకుంటానన్నాడు. ల్యాబ్‌లోకే."

"ల్యాబ్‌లోకేనా? అట్టపెట్టెల దగ్గరికి కాదా?"

"మన కొడుకు, ఇతిదాల్! ఎన్ని చోట్ల అడిగాం? ఎవడు రమ్మన్నాడు?"

నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్లయిందో. పని పడితే తప్ప అతని నోట ఆ పేరు రాదు. అయినా కరిగాను. అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఒప్పేసుకుందామనిపించింది. యజన్ మంచి పిల్లాడు. వాడు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్లడానికి చోటు లేక మళ్లీ మంచమెక్కడం ఏడాదిగా చూస్తున్నాను. ఊరి పిల్లలందరికీ సంబంధాలు కుదిర్చే తల్లి కన్నకొడుక్కి ఒక్కటి కుదర్చలేకపోయిందని మా అత్తగారు పోయేముందు కూడా అంది. వాడికి చోటు దొరుకుతుందంటే నేను ఎంతమంది కాళ్లైనా పట్టుకుంటాను. కానీ ఆ చోటు బతూల్‌ని బయటికి తోసిన చోటు. అక్కడ వాణ్ని నిలబెట్టి, ఆ ల్యాబ్ పెద్ద దగ్గరే పని నేర్చుకోమనాలి. ఏం నేర్చుకుంటాడు?

"మా పెదనాన్న కాఫీ తాగకుండా ఈ గుమ్మం దాటితే నా మొహం ఎవరికి చూపించను?" అన్నాడు ఫాయిజ్. కోపంగా కాదు, నిజంగా భయపడుతూ.

నేను హిజాబ్ సవరించుకుని, ట్రే తీసుకుని అతన్ని దాటి ముందుగదిలోకి వెళ్లాను. ముతసిమ్ గారు ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టారు. హాజ్ నాయిఫ్ ముందున్న కప్పు తీసి ట్రేలో పెట్టుకున్నాను.

"కాఫీ చల్లారిపోయింది మామయ్యా. వేడిది పోస్తాను. మీరడిగింది మాత్రం అబూ యజన్ దగ్గర లేదు. లేనిది ఆయనెలా ఇస్తాడు? అది నా దగ్గరుంది. నేను వంటింట్లో ఉంటాను, అక్కడికొచ్చి అడగండి."

"కోడలు బాగా హాస్యమాడుతుందే" అని సుహైల్ గారు నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. నేను వెనక్కొచ్చి స్టవ్ దగ్గర నిలబడ్డాను. ఫాయిజ్ ఖర్జూరాల పళ్లెం పట్టుకుని ముందుగదిలోకి వెళ్లిపోయాడు. మొగుడు, ఉద్యోగం, చుట్టాలు, అన్నీ ఒక్క మాటతో పోగొట్టుకున్నాననిపించింది.

కర్ర చప్పుడైంది. పరదా తొలగింది. హాజ్ నాయిఫ్ ఒక్కడే వచ్చాడు. ఆయన ఏ వంటింట్లోనైనా అడుగుపెట్టగా నేను చూడలేదు. స్టూలు జరిపాను. కూర్చుని, చుట్టూ ఉన్న గిన్నెల వంక కొత్తగా చూశాడు.

"ఏం జరిగిందమ్మా అసలు? నాకు సరిగ్గా చెప్పినవాడు లేడు."

చెప్పాను. అట్టపెట్టెలు, గడియ, చెయ్యి, బొత్తాం, వాన, ఆ తరువాత క్రమశిక్షణ లేదన్న కబురు. పేరు మాత్రం చెప్పలేదు. ఆయన వేళ్ల మధ్య తస్బీ జపమాల పూసలు ఆగిపోయాయి. "వాడి చెయ్యి విరగ" అన్నాడు మెల్లగా. "మా ఇంట్లోనూ ఉన్నారు నలుగురు మనవరాళ్లు. వాడి చెయ్యి విరగ." ఆయన కళ్లు చెమర్చాయి. నా గుండె బరువు దిగిపోయింది. విన్నాడు, ఒక్క మనిషి విన్నాడు, ఇక లేచి వాళ్లందర్నీ తీసుకుపోతాడనుకున్నాను. వేడి కాఫీ పోసి రెండు చేతులతో అందించాను.

ఆయన అందుకున్నాడు. తాగలేదు. స్టవ్ పక్కన గట్టు మీద పెట్టాడు.

"నువ్వు చెప్పింది నిజమే తల్లీ. నేను నమ్ముతున్నాను. కానీ ఇంతమందిని వెనకేసుకుని వచ్చినవాణ్ని. ఇన్నేళ్లలో నేనడిగితే కాదన్న ఇల్లు లేదు. చావుకి దగ్గరపడ్డవాణ్ని, వట్టి చేతులతో పంపకు. ఆ పిల్లకి డిగ్రీ ఇవాళ కాకపోతే రేపొస్తుంది. నా తెల్లగడ్డం చూసి ఇచ్చెయ్యమ్మా."

ఏడుపొచ్చింది. ఆయన చెడ్డవాడైతే ఇంత ఏడుపు వచ్చేది కాదు. నమ్మాక కూడా అడుగుతున్నాడు. పరదా అవతల అందరూ వింటున్నారు, ఫాయిజ్ కూడా. నేను కళ్లు తుడుచుకోలేదు. ఆ కప్పు తీసుకుని, ఆయన చూస్తుండగానే తూములో వంచేశాను.

"గడియ పెట్టినవాడు ఆ పిల్లని అడగలేదు మామయ్యా. మీరు నన్ను అడిగారు. అందుకే మీకు జవాబు చెప్తున్నాను. ఇవ్వను."