ఎంగిలి మాటలు తినని చేప

నేను ఇంతవరకూ ఏదీ రాసిందాన్ని కాదు. సరుకుల చీటీ రాసినా కొట్టాయన "ఇది ఉప్పా, పప్పా?" అని అడుగుతాడు. అయినా మా చేప సంగతి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

మా ఆయన గోపాలం భిలాయి స్టీలు ప్లాంటులో రిటైరయ్యారని మా అమ్మాయి రజని గాజు తొట్టీ, అందులో ఓ బంగారు చేపా ఇచ్చి రాయ్‌పూర్ వెళ్ళిపోయింది. వచ్చిన దగ్గర్నుంచీ చేప రెక్కలు ముడుచుకుని ఓ మూల పడుంది. మేత వేస్తే చూడదు. సగం నీళ్ళు మార్చాను, ఉప్పు వేశాను. ఏటీ నేదు.

మా క్వార్టర్లకి దగ్గర్లోని ఖుర్సీపార్‌లో చేపలమ్మే సుభాష్‌ని అడిగాను.

"కొత్త చోటు కదా దీదీ, బెదిరింది" అన్నాడు హిందీలో. "ఇలాంటప్పుడు ఈ రకం మాటలే తింటుంది. కూర్చుని మాట్లాడండి. ఝూఠీ బాత్ మాత్రం పెట్టకండి, చచ్చిపోద్ది."

నాకది జూఠీ అని వినబడింది. జూఠీ అంటే ఎంగిలి. ముప్పై ఏళ్ళుగా భిలాయిలో ఉన్నాను, ఆ మాత్రం తెలీదా. ఎంగిలి మాటలంటే ఇంకొకరి నోట్లోంచి వచ్చినవి. అతనన్నది ఝూఠీ అనీ, అంటే అబద్ధమనీ, రజని నవ్వి చెప్పింది గానీ అది తర్వాత.

ఇంటికొచ్చి తొట్టి ముందు కూర్చున్నాను.

"ఈ ఏడు ఎండలెక్కువని పక్కింటి కన్నమ్మ అంది."

మాట నీళ్ళలో పడి, నాని, అడుక్కి పోయింది. చేప మూతి తిప్పుకుంది.

"ఎసరు మరిగేకే బియ్యం వెయ్యాలని మా అమ్మ అనీది." అదీ అడుక్కే. "సొంతూరు విజయనగరంలో హాయిగుంటాదని మా ఆయన అంతారు." అదీ అంతే.

రెండ్రోజులకి అడుగున నాలుగు వేళ్ళ మందం మాటలు పేరుకున్నాయి. గొట్టంతో లాగి మొక్కలకి పోశాను. ఎంత వెతికినా నాదనే మాట ఒక్కటీ దొరకదు.

"ఏటే, సేపకి బోజనమైందా?" అన్నారు మా ఆయన పేపర్లోంచి.

"అన్నీ ఎంగిలే అవుతున్నాయండి."

"తొరగా కానీ. ఆదివారం క్వార్టరు కాళీ చెయ్యాల, లారీ వచ్చేస్తాది. ఇజీనారం దాకా అది బతకాల గదా."

మూడోనాటికి చేప పక్కకి ఒరిగిపోయింది. తొట్టి మీదకి వంగాను.

"నాకు విజయనగరం రావాలని లేదు" అనేశాను.

మినపగింజంత మాట. మునగలేదు, తేలింది. చేప ఒరిగే ఈదుకొచ్చి గుటుక్కున మింగింది. ఒక రెక్క విప్పింది. ఇంకా అన్నట్టు మూతి పైకెత్తింది.

"ఖుర్సీపార్‌లో రెండు గదులు అద్దెకి తీసుకుంటే చాలు. విజయనగరంలో మీ అక్కతో నేను వేగలేను."

ఇది గారంత ఉంది. చేప తునక మిగల్చలేదు.

మా ఆయన పేపరు దించారు. "ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?"

"మీరడగలేదు."

అదీ తినేసి చేప తొట్టంతా గిర్రున తిరిగింది. మా ఆయన దానివైపే చూస్తూ గెడ్డం గోక్కున్నారు.

"లారీవోడికి మాటిచ్చేసేను. నేనెలా కాదంతాను? సామాను ఎల్లదని నువ్వే సెప్పుకో."

మర్నాడు పొద్దున్నే, టీ కూడా పెట్టకుండా ఫోను చేశాను.

"కౌన్?" అన్నాడు లారీ ఆయన.

ఎవరంటే ఎప్పుడూ గోపాలంగారి ఇల్లనేదాన్ని.

"అప్పలనర్సమ్మ" అన్నాను. "సామాన్ నహీ జాయేగా."