సరిపోలేదట

"రెండు కిడ్నీలూ పోయాయట అత్తయ్యా," అంది కోడలు, భర్త చొక్కా మీద ఇస్త్రీపెట్టె నడుపుతూనే.

"రెండు కిటికీలా? గాలైనా వెయ్యలేదే!" అంటూ అత్తగారు లేచి వెళ్ళి పరదా తప్పించి చూసింది. అద్దాలు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. "పోలేదుగా! ఎందుకే అలా హడలగొడతావ్?"

"కిటికీలు కాదు, కిడ్నీలు. మీ పెద్దబ్బాయివి."

ఆవిడ ఉన్నచోటే కూలబడింది. గుండె బాదుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తరవాత ఆవిడ నోట వచ్చిన మొదటి మాట: "నీవి బాగానే ఉన్నాయిగా?"

ఆ పెద్దబ్బాయే ఆమె భర్త. ఆయన గొప్ప వక్త. వదిలేసి వచ్చిన దేశంలో ఆయన మైకు పట్టుకుని "స్వేచ్ఛ" అంటే మైదానం దద్దరిల్లేది. అలా దద్దరిల్లినందుకే అక్కడి సర్కారు తరిమింది. తల్లి, తమ్ముడు, పెళ్ళాం, చంటిదైన కూతురు, నాలుగు పెట్టెలు. వీటితో పరాయి దేశంలో వచ్చి పడ్డాడు. స్వేచ్ఛ అంతా సభల్లోనే పంచేసి వచ్చాడేమో, ఇంటిదాకా ఒక్క చెంచాడు కూడా మిగల్లేదు. అక్కడ జనానికి నోరిచ్చిన మనిషి ఇక్కడ ఆమె నోరు మూయించడంలో దిట్ట.

"రేపోమాపో వెనక్కి పోయేవాళ్ళం, ఈ భాష మనకెందుకు?" అని ఆయనా, తల్లీ, తమ్ముడూ ఆరేళ్ళుగా భీష్మించుకు కూచున్నారు. ఆమెకి ఆ వైభోగం ఎక్కడిది? హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టాలంటే సూపర్వైజరు తిడుతున్నాడో మెచ్చుకుంటున్నాడో తెలియాలి కదా! అందుకని ముందు తిట్లు నేర్చుకుంది. తరవాత వారాలు, బస్సు నంబర్లు, మందుల పేర్లు. ఇల్లు దొరకాలన్నా, పిల్లని బళ్ళో వెయ్యాలన్నా, మరిదికి పన్ను పీకాలన్నా ఆమె నోరే దిక్కు. ఆయన ముద్దుగా "దుబాసీ" అని పేరు పెట్టాడు. "మా దుబాసీకి రెండు భాషలొచ్చు, బుర్ర ఒక్కదాంట్లోనూ లేదు," అని చుట్టాల ముందు నవ్వేవాడు. ఇస్త్రీలో 'ఇ' తీసేస్తే స్త్రీ మిగులుతుంది. ఆ ఇంట్లో స్త్రీని తీసేసి ఇస్త్రీని మిగుల్చుకున్నారు.

డయాలసిస్ మొదలైంది. వారానికి మూడు రోజులు ఆయన చెయ్యి మిషనుకి, ఆమె కాళ్ళు ఆసుపత్రి మెట్లకి. "ఈ పిల్లకుంకకేం తెలుసు వైద్యం?" అని ఆయన డాక్టరమ్మ మొహమ్మీదే అనేవాడు. ఆమె ఆ మాటని నాలుకమీదే ఉతికి, ఆరేసి, మడతపెట్టి, "మీ మీద ఎంతో నమ్మకం అంటున్నారు," అని అందించేది. ఉతకడం ఆమె వృత్తే కదా!

కిడ్నీ మార్చాలన్నారు. తమ్ముడు ముందుకొచ్చి, అందరూ చూస్తుండగా గుండె మీద చెయ్యేసుకుని పరీక్షలకి వెళ్ళాడు. ఫలితం చెప్పడానికి డాక్టరమ్మ అతన్ని గదిలోకి పిలిచింది. వెంట తల్లీ, మాట చెప్పడానికి దుబాసీ.

"బ్రహ్మాండంగా సరిపోయిందట," అంది ఆమె.

మరిది మొహం పిండిన గుడ్డలా అయింది. గది బయటికి రాగానే అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుంది. "సరిపోలేదని చెప్పు పెద్దాడితో. వీడికింకా పెళ్ళి కావాలే! నీకేం, పెళ్ళీ అయింది, పిల్లా పుట్టింది. ఇంక నీ ఒంటితో పనేముంది?" మరిది అలాగేనన్నట్టు తల వంచుకున్నాడు.

పెళ్ళయిన పన్నెండేళ్ళ అలవాటు. ఇంటికి రాగానే ఆయన ముందు నోరు దానంతటదే తెరుచుకుంది. "సరిపోలేదటండీ."

"సరే, నువ్వున్నావుగా," అన్నాడు ఆయన, పేపరు దించకుండా. డాక్టరమ్మకి మాత్రం మరిది ఇంకా ఆలోచించుకుంటున్నాడని అందించింది.

నాలుగు వారాల తరవాత ఆమె పరీక్షలూ వచ్చాయి. ఆమెదీ సరిపోయింది. అర్ధాంగి అంటే అడిగితే అంగం ఇచ్చేది అని ఇంటిల్లిపాదీ అర్థం చెప్పుకున్నారు. ఒక్క చిక్కే ఉంది. అడగడం ఎవరూ అడగలేదు. ఓ మధ్యాహ్నం ఆమె బట్టలు ఆరేస్తుంటే ఆయన పాత మిత్రుడితో ఫోన్లో అంటున్నాడు: "తమ్ముడు పాపం ప్రాణమే ఇస్తానన్నాడు, నా ఖర్మ, కలవలేదు. మా ఆవిడదా? దాన్ని అడిగేదేంటయ్యా! మన బండికి మన స్టెప్నీ!" కిడ్నీకి స్టెప్నీతో ప్రాస కుదిరిందని ఆయనకే ముచ్చటేసి పకపకా నవ్వాడు.

ఆమె చేతిలో తడి చొక్కా ఉంది. పిండింది. నీళ్ళన్నీ కారిపోయాక కూడా పిండుతూనే ఉంది.

ఆపరేషనుకి ముందు ఇచ్చేవాళ్ళని ఒంటరిగా అడగాలని ఆ ఆసుపత్రి నియమం. చిన్న గది, రెండు కుర్చీలు. డాక్టరమ్మ అడిగింది, "మీకిది ఇష్టమేనా?"

పన్నెండేళ్ళ కాపురంలో ఈ ప్రశ్న ఆమె మొదటిసారి వింటోంది. అదీ పరాయి భాషలో.

"ఇష్టం లేదు," అంది. ఆ రెండు మాటలకీ తర్జుమా అక్కర్లేకపోవడం ఎంత హాయిగా ఉందో!

"భయపడకండి. మీది సరిపోలేదని మేమే చెబుతాం. మీ మీద మాట రాదు."

"వద్దు డాక్టర్. ఆ అబద్ధం మా ఇంట్లో ఇదివరకే ఒకరు వాడేసుకున్నారు. సెకండ్ హ్యాండుది నాకొద్దు."

పక్కగదిలోకి డాక్టరమ్మా వెంట వచ్చింది. అక్కడ ఆయనా, తల్లీ, తమ్ముడూ వరసగా కూచున్నారు. ఆయన గడియారం చూసుకున్నాడు. "అయిందా? ఎప్పుడట?"

ఆమె కూచోలేదు. "మీ తమ్ముడిది సరిపోయింది. నెల దాటింది. సరిపోలేదని చెప్పమంది అత్తయ్య. అలాగేనని తల వంచుకున్నది మీ తమ్ముడు. మీకు చెప్పింది నేను. నాదీ సరిపోయింది. నేను ఇవ్వడం లేదు."

మైదానాలు దద్దరిల్లించిన ఆ మనిషి తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు నేల వంక చూశాడు. అత్తగారు మాత్రం తేరుకుంది. "ఓసి పాపిష్టిదానా! నా కొడుకుని చంపుతావా?"

"ఏ కొడుకు గురించి అత్తయ్యా?"

ఆవిడ చిన్నకొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇది పిచ్చిదని చెప్పు ఆ డాక్టరుకి!" అని ఆయన అరిచాడు.

ఆమె డాక్టరమ్మ వైపు తిరిగి ఉన్నదున్నట్టు చెప్పింది: "నేను పిచ్చిదాన్నని మీతో చెప్పమంటున్నారు." ఉతకలేదు, మడతపెట్టలేదు.

డాక్టరమ్మ నలుగురినీ చూసి, మరిది వైపు తిరిగి ఓ ప్రశ్న అడిగింది. ముగ్గురిలో ఎవరికీ అర్థం కాలేదు. అందరూ ఆమె నోటి వంక చూశారు. ఆమె తొందరపడలేదు. కుర్చీ లాక్కుని, తీరిగ్గా కూచుని, అప్పుడు చెప్పింది.

"'మీ అన్నయ్యకి ఇవ్వడం మీకిష్టమేనా' అని అడుగుతోంది మరిదిగారూ. నేను కాదు, ఆవిడే. మీ అన్నయ్య వింటున్నారు, చెప్పండి."