పుక్కిలక్క, పాచి పట్టిన తొట్టి

పొద్దున్నే ఎనిమిదింటికి షట్టరు తీయడం, నేల తుడవడం, కుర్చీ మీద తెల్ల గుడ్డ మార్చడం, పరికరాలన్నీ కడిగి మరిగించడం, గ్లాసుల్లో గులాబీరంగు నీళ్ళు పోసి వరసగా పెట్టడం. ఇవన్నీ అయ్యేసరికి తొమ్మిదవుతుంది. అప్పుడొస్తాడు అన్నయ్య, అంటే డాక్టరు. వస్తూనే "అన్నీ రెడీయేనా?" అంటాడు. పదకొండేళ్ళలో ఏ ఒక్కరోజూ రెడీగా లేకుండా లేవు, అయినా అడుగుతాడు.

ఆ పళ్ళాసుపత్రిలో డాక్టరు చెల్లెల్ని అందరూ పుక్కిలక్క అంటారు. రోజంతా "పుక్కిలించి ఉమ్మండి, పుక్కిలించి ఉమ్మండి" అంటూనే ఉంటుంది కాబట్టి ఆ పేరు అలా అతుక్కుపోయింది. పళ్ళ మీద పాచి గీకే పని ఆమెది. ఆమె చెయ్యి పడితే నొప్పే తెలీదని ఊళ్ళో పేరు. కుర్చీలో కూర్చోకముందే "అక్కే కదా చేసేది?" అని కనుక్కుని మరీ కూర్చునేవాళ్ళున్నారు. అన్నయ్య మాత్రం కొత్తవాళ్ళకి ఆమెను చూపించి "మా చెల్లెలు. పాచిపని చూసుకుంటుంది" అని నవ్వుతాడు. పాచిపనంటే అంట్లు తోమి ఇల్లు ఊడవడమని ఎవరికి తెలీదు? వాళ్ళూ నవ్వుతారు. మర్యాద కోసం ఆమె కూడా నవ్వుతుంది, గొంతుదాకా వచ్చిన మాటను గుటకేసి లోపలికి పంపేస్తుంది.

రెండు నెలల కిందట అన్నయ్యకి ఎక్కడలేని ఉత్సాహం పుట్టుకొచ్చింది. లోపలి గదిలో రెండో కుర్చీ వేయించాడు. దానికో కొత్త డాక్టర్ని మాట్లాడాడు. ఆ ఊపులోనే హాల్లో నాలుగడుగుల ఉప్పునీళ్ళ తొట్టి పెట్టించాడు. అడుగున తెల్ల ఇసుక, దాని మీద రాళ్ళు, రాళ్ళ మీద వేలెడేసి పగడాలు, రెండు చారల చేపలు, డజను నత్తలు. మూడు వారాలు చూసినవాళ్ళంతా అబ్బా అన్నారు. నాలుగో వారం అద్దానికి గోధుమరంగు దుమ్ము పట్టింది. ఆరో వారానికి పెద్ద రాయికి ఆకుపచ్చ జుట్టు మొలిచింది. చూసినవాళ్ళు పాచి పట్టిందన్నారు.

పాచి అన్న మాట చెవినపడ్డాక ఆ ఇంటివాళ్ళ చేతులు ఊరుకుంటాయా? పంటి మీదున్నా పాచే, నీళ్ళలో ఉన్నా పాచే అనుకున్నారు అన్నాచెల్లెళ్ళిద్దరూ. పుక్కిలక్క గ్లవుజులు తొడుక్కుని, పళ్ళు గీకే కొక్కెంతో రాతిని గీకింది. సందుల్లోకి బ్రష్షు పోనిచ్చి తోమింది. పనిలో పనిగా పాలిష్ కూడా పట్టింది. అన్నయ్య తన వంతుగా పుక్కిలించే మందు ఒక మూతెడు పోశాడు. చేపలు రెండూ ఓ మూలకి పోయి రెండ్రోజులు మొహం చూపించలేదు. గీకిన ముక్కలన్నీ తలోచోటా అంటుకుని, ఒక్క రాతి మీదున్న జుట్టు కాస్తా వారం తిరక్కుండా ఏడు రాళ్ళకి పాకింది.

సోమవారం చేపలాయన వచ్చాడు. తొట్టి అమ్మింది ఆయనే. బక్కపల్చటి మనిషి, చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల పైకి మడిచే ఉంటాయి. తొట్టి వంక చూసి తల పట్టుకున్నాడు.

"దీన్ని తోమిందెవరండీ?"

"నేనే," అంది పుక్కిలక్క.

"పళ్ళని తోమితే పాచి పోతుందమ్మా. దీన్ని తోమితే పిల్లల్ని పెడుతుంది. అయినా పాచి రావడం తప్పేం కాదు. పసివాళ్ళకి పళ్ళొచ్చేటప్పుడు ఏడుపు తప్పుతుందా? కొత్త తొట్టికి ఇదీ అంతే. దాన్ని చంపాలని చూడకండి. తిండి ఎక్కణ్ణుంచి వస్తోందో చూసి అది ఆపండి."

సంచీలోంచి మూడు చిన్న గాజు గొట్టాలు తీసి, తొట్టి నీళ్ళు పట్టి, ఒక్కోదాంట్లో నాలుగు చుక్కల మందు వేశాడు. మొదటిది మేత ఎక్కువైందేమో చూడ్డానికి. రెండోది పోసిన నీళ్ళు మంచివో కావో చూడ్డానికి. మూడోది మింగిన మాటలకి. మొదటి రెండూ లేతగా రంగు తేలాయి, ఫరవాలేదు. మూడోది సిరాలా నల్లబడింది.

"అనుకున్నాను. పళ్ళాసుపత్రి కదా," అన్నాడు చేపలాయన.

మనిషి మింగిన మాట ఉప్పునీళ్ళని వెతుక్కుంటూ పోతుంది. ఎప్పుడూ ఉన్నదే. కోపతాపాలు ఎక్కువున్న ఇళ్ళవాళ్ళు మంచినీళ్ళ చేపలతో సరిపెట్టుకునేది అందుకే. ఇక పళ్ళాసుపత్రి సంగతి చెప్పాలా? నోట్లో రెండు పరికరాలూ ఒక గొట్టమూ పెట్టి "కొత్తిల్లు ఎలా ఉంది?" అని అడిగితే మనిషి ఏం చెప్తాడు? "ఆఁ" అంటాడు. మిగతాదంతా మింగుతాడు. మన డాక్టరుకి ఆ అడిగే అలవాటు మరీ ఎక్కువ. రోజుకి పాతికమంది మింగిన జవాబులు గోడ దాటి హాల్లోకొచ్చి నీళ్ళలో కలుస్తున్నాయి.

"లైటు సగం సేపే వేయండి. చేపలకి చిటికెడు మేత చాలు. వారానికోసారి అయిదోవంతు నీళ్ళు మార్చండి. వచ్చినవాళ్ళని పనయ్యాక ఓ అయిదు నిమిషాలు మాట్లాడనివ్వండి. ఓపిక పట్టండి, పోతుంది," అన్నాడు చేపలాయన.

"ఓపికా?" అన్నాడు అన్నయ్య. "శుక్రవారం కొత్త డాక్టరు వస్తున్నాడండీ. వచ్చీరాగానే ఈ మురుగ్గుంట చూపించమంటారా? ఏదో మందుందటగా, ఒక్క మూత పోస్తే గంటలో నీళ్ళు గాజులా అయిపోతాయట."

"ఉంది. నా కొట్లో పెట్టను. అది పోస్తే పాచితోపాటు నత్తలూ పగడాలూ కూడా పోతాయి. మీరన్నట్టు గాజు మిగుల్తుంది."

ఆరోజు నుంచీ పుక్కిలక్క వచ్చినవాళ్ళ నోరు కడిగించి, పక్కన స్టూలు వేసుకుని, "ఇప్పుడు చెప్పండి" అనడం మొదలుపెట్టింది. ఒక బస్సు డ్రైవరు, అన్నయ్య అడిగిన ఒక్క ప్రశ్నకి పదహారు నిమిషాలు జవాబు చెప్పి, కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు. లెక్కల టీచరమ్మ ఒకావిడ "మీ అన్నయ్య చెయ్యి మొరటు, ఇకనుంచి నాకు నువ్వే చెయ్యి" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. బుధవారం సాయంత్రానికి అద్దం మీది గోధుమరంగు దుమ్ము గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయింది. ఆకుపచ్చ జుట్టు మాత్రం మూరెడు పెరిగింది.

నీళ్ళు మార్చడానికొచ్చిన చేపలాయన దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇంత పొడుగూ, ఇంత వేరూ ఉందంటే ఇది పదిమందిది కాదమ్మా. ఒక్క మనిషిది. ఏళ్ళ తరబడి మింగుతున్న మనిషిది," అన్నాడు.

ఆయన వెళ్ళాక పుక్కిలక్క చెయ్యి నీళ్ళలో పెట్టి ఆ జుట్టును పట్టుకుంది. పట్టుకోగానే తెలిసిపోయింది, చీకట్లో కూడా మన చెప్పు మన కాలికి తెలిసినట్టు. అది ఆమెదే.

ఆమె కూడా పళ్ళ డాక్టరు చదువే చదివింది. ఒక్క పరీక్షా, ఆర్నెల్ల పనీ మిగిలుండగా అన్నయ్య ఈ ఆసుపత్రి పెట్టాడు. "ఒక్క ఆర్నెల్లు సాయం చెయ్యి చెల్లాయ్, నిలదొక్కుకోగానే పోయి పూర్తిచేసుకుందువుగాని" అన్నాడు. ఆ ఆర్నెల్లు పదకొండేళ్ళయ్యాయి. మధ్యలో ఎన్నిసార్లు నోరు తెరవబోయిందో, ఎన్నిసార్లు "తర్వాత చూద్దాంలే" అని తనే మూసేసుకుందో. ఇప్పుడు కాలేజీవాళ్ళు, చదువు మధ్యలో ఆపినవాళ్ళకి ఆఖరి అవకాశమన్నారు. శుక్రవారం నాలుగింటిలోపు మనిషే వెళ్ళి కాగితం ఇవ్వాలి, ఆ తర్వాత ఇంక లేదు. నింపిన కాగితం నెలరోజులుగా గ్లవుజుల సొరుగులో ఉంది.

చెప్పొచ్చుగా అంటారు మీరు. నిజమే, చెప్పొచ్చు. పదకొండేళ్ళు ఒకే మాట మింగి చూడండి, అప్పుడు తెలుస్తుంది. అది గొంతులో అలవాటైపోతుంది. పైగా అన్నయ్య చెడ్డవాడా అంటే కాదు. జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చునే మనిషి. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఎప్పుడో తిట్టిపోసి వెళ్ళిపోయేది.

శుక్రవారం పదకొండింటికి హాలు నిండుగా ఉంది. చేపలాయన తొట్టి పంపు చూడ్డానికొచ్చి ఓ పక్కన నిలబడ్డాడు. టీచరమ్మ తన వంతు కోసం కూర్చునుంది. అన్నయ్య లోపల్నుంచి నీలంరంగు సీసా పట్టుకుని వచ్చాడు. ఎక్కడో వేరే కొట్లో సంపాదించాడు. తొట్టి దగ్గరికి నడుస్తూనే మూత తిప్పాడు.

పుక్కిలక్క లేచి తొట్టికి అడ్డంగా నిలబడింది.

"జరుగు," అన్నాడు అన్నయ్య.

"జరగను."

ఆ గోడలు పదకొండేళ్ళలో ఆ మాట వినలేదు. అన్నయ్య కూడా వినలేదేమో, మళ్ళీ అడిగాడు.

"ఏమన్నావు?"

"జరగనన్నాను. అందులో పడ్డది నా మాట. దాన్ని మందేసి చంపడానికి వీల్లేదు. నేనే చెప్తాను, విను." ఆమె ఆగలేదు. "ఆ రెండో కుర్చీ నాది అన్నయ్యా. నాకు మిగిలింది ఒక్క పరీక్షా, ఆర్నెల్లూ. నువ్వు అడిగావని ఇచ్చాను. తిరిగి అడగడం నాకు చేతకాలేదు, ఇవ్వాలని నీకు తోచలేదు. ఊళ్ళో సగం పళ్ళు నా చేతిమీదుగా బాగుపడ్డాయి. నన్ను చూపించి పాచిపని అని నవ్వుతావు. నవ్విన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండింది. ఇంకెప్పుడూ ఆ మాట అనకు. ఇవాళ నాలుగింటిలోపు కాలేజీలో కాగితం ఇవ్వాలి, నేను వెళ్తున్నాను. నువ్వు సరేనన్నా వెళ్తాను, కాదన్నా వెళ్తాను."

తొట్టిలో కదలిక మొదలైంది. ఆకుపచ్చ జుట్టు ఒక్కో రాతినీ వదిలేసి, పాయలు పాయలుగా పైకి తేలింది. చేపలాయన వల తీసుకుని దాన్ని బకెట్లోకి ఎత్తడం మొదలుపెట్టాడు. అది ఆయన పని.

"కొత్త డాక్టరు సాయంత్రం వస్తున్నాడు. అతనికేం చెప్పను?" అన్నాడు అన్నయ్య. మనిషి కాస్త తగ్గాడు.

"ఒక్క ఆర్నెల్లు సాయం చెయ్యమను. అలా అడగడం నీకు బాగా వచ్చుగా."

హాల్లో ఎవరో ఫక్కున నవ్వి, దగ్గుతో కప్పేసుకున్నారు.

"మరి వీళ్ళంతా? ఇంతమంది కూర్చున్నారు, వీళ్ళ సంగతేమిటి?"

"ఆర్నెల్లేగా డాక్టరుగారూ, ఆగుతాం," అంది టీచరమ్మ, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

జుట్టంతా ఎత్తేశాక నడిమి రాతి మీద ఇంకోటి బయటపడింది. ముదురెరుపు పొర, పగడాలకి ఊపిరాడనివ్వకుండా దుప్పటిలా కప్పేసి ఉంది. అన్నయ్య చెల్లెలి వంక చూశాడు, ఇంకా ఏం దాచావన్నట్టు.

"అది ఈవిడది కాదండీ," అన్నాడు చేపలాయన. "మింగిన కోపం ఆకుపచ్చగా వస్తుంది. ఇలా ఎర్రగా పొర కట్టిందంటే ఎవరో మెచ్చుకోలు మింగారు."

హాల్లో అందరూ డాక్టరు వంక చూశారు. డాక్టరు చేపల వంక చూశాడు.

పుక్కిలక్క లోపలికెళ్ళి, తెల్లకోటు విప్పి మేకుకి తగిలించింది. సొరుగులోంచి కాగితం తీసి సంచీలో పెట్టుకుంది. హాల్లోకొచ్చి "అది నీది. దానికి నేను చెయ్యి పెట్టను. నీ పాచి నువ్వే తీసుకో" అని గుమ్మం దాకా నడిచింది. ఒంట్లో ఒక్క ఎముక కూడా బరువనిపించలేదు. ఈ గుమ్మం మళ్ళీ ఎక్కే ఉద్దేశం కూడా లేదు. కాలేజీ ఉన్న ఊళ్ళో ఆసుపత్రులకి కొదవా? చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"నీ చెయ్యి నాకంటే మంచిది."

అన్నయ్య గొంతే. వెనక్కి తిరిగి చూస్తే ఇంకా తొట్టికేసే నిలబడి ఉన్నాడు. సీసా బల్ల మీద పెట్టేశాడు.

"మొదటి నెల్లోనే తెలిసింది," అన్నాడు నీళ్ళతో చెప్తున్నట్టు. "నేను పీకితే అరిచేవాళ్ళు, నువ్వు ముట్టుకుంటే నిద్రపోయేవాళ్ళు. నువ్వు డాక్టరువైతే నా కుర్చీలో ఎవరూ కూర్చోరని భయమేసింది. అందుకే ఆర్నెల్లయ్యాక పొమ్మనలేదు. మర్చిపోయి కాదు. తెలిసే చేశాను. పాచిపని అని నవ్వింది కూడా, నీ చెయ్యి సంగతి నలుగురికీ తెలిసిపోతుందనే."

ఎర్రపొర ఒక అంచున లేచింది. కింద వేలెడంత పగడం, ముడుచుకుని, తెల్లబడి, ఇంకా బతికే ఉంది.

పుక్కిలక్కకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం కూడా పోలేదు, రెండూ కలిసే వచ్చాయి. "పదకొండేళ్ళు అన్నయ్యా," అంది. "ఈ మాట అప్పుడే అనుంటే ఈపాటికి ఈ బోర్డు మీద రెండు పేర్లుండేవి."

"ఉండేవి," అన్నాడు అన్నయ్య.

ఉండిపొమ్మనలేదు. చొక్కా చెయ్యి మడిచి, నీళ్ళలో పెట్టి, ఎర్రపొర అంచు పట్టుకుని మెల్లగా లాగడం మొదలుపెట్టాడు. చెయ్యి మొరటే, రాతికి తగిలి చర్మం గీసుకుపోయింది. మళ్ళీ పెట్టాడు. చేపలాయన బకెట్టు దగ్గరికి జరిపాడు.

ఆమె సంచీ భుజాన వేసుకుంది. బస్సుకి టైమవుతోంది.

"వెళ్ళిపోతున్నాను అని చెప్పి పోదామనుకున్నాను," అంది.

అన్నయ్య చెయ్యి నీళ్ళలోనే ఆగింది.

"వెళ్ళొస్తాను," అంది పుక్కిలక్క, మెట్లు దిగింది.