మూడో మలుపు దాటని బండి

కోటేశ్వర్ బుల్లెట్టు ఆత్మకూరులో పాట పాడేది, ఉదయగిరి కొండ మీద మూలిగేది. రోగం ఇదీ అని తెలిస్తే మందు వేయొచ్చు. మెకానిక్ ఎదుట బుద్ధిమంతురాలిలా నిలబడి, ఇంటికి తీసుకుపోగానే మొండికేసే బండిని ఎవడేం చేస్తాడు చెప్పండి?

ఆ ఎండాకాలం కొండ మీద వాళ్ల గొర్రెల దొడ్డి పక్కనున్న బోరు ఎండిపోయింది. కింద నీళ్లున్నాయి, మేత లేదు. పైన మేత ఉంది, నీళ్లు లేవు. పెద్ద జీవాలు దిగి తాగి ఎక్కుతాయి గానీ, ఈనిన తల్లులూ పాలు మరవని పిల్లలూ ఆ ఎండలో దిగి ఎక్కలేవు. అందుకని కోటేశ్వర్, చనిపోయిన వాళ్ల నాయన వాడిన పాత బుల్లెట్టుకు రెండు పక్కలా నీళ్ల క్యాన్లు కట్టి పైకి తోలడం మొదలుపెట్టాడు. మొదట్లో బాగానే ఎక్కింది. క్యారియర్ ఇనుము ఒరుసుకుని ఒక క్యాను చిల్లుపడితే, వాళ్లమ్మ పిచ్చమ్మ గొంగళి తెచ్చి క్యాన్ల కింద పరిచింది. గొర్రెలోళ్ల ఇంట్లో పడకకైనా వానకైనా బరువుకైనా గొంగళే కదా.

ఆ తర్వాత ఎప్పుడు పట్టుకుందో బండికి మాయరోగం. రెండు మలుపులు ఎక్కేది. మూడో మలుపులో బుడబుడమని, నల్లపొగ కక్కి, చచ్చేది. కోటేశ్వర్ అక్కణ్ణుంచి కావడి మీద మోసేవాడు. పిచ్చమ్మ మోకాళ్లు పట్టుకుపోయినా బిందె నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చేది. అలా మోస్తే ఎన్నింటికి చాలుతాయి? దాహానికి ఒక తల్లి పాలు ఎండిపోయాయి, దాని పిల్ల పోయింది. పిచ్చమ్మ ఇక ఆగలేదు. జీవాలు కొనే కలిగిరి మల్లికార్జునకు కబురు పెట్టింది. శుక్రవారం పొద్దుటికి బండి మీద నీళ్లు దొడ్డి దాకా వస్తే సరి, రాకపోతే మంద మొత్తం తోలుకుపొమ్మని మాటిచ్చేసింది.

కోటేశ్వర్‌కు ఒళ్లు మండిపోయింది. నడక వచ్చిన నాటి నుంచి ఆ మంద వెనకే తిరిగినవాడు. అది పోతే తానెవరో అతనికే తెలియదు. అయినా అమ్మతో తగవు పెట్టుకోలేదు. బండినే పట్టుకున్నాడు.

ఆత్మకూరు బస్సు డిపో దగ్గర దస్తగిరి షెడ్డు. పాత బుల్లెట్లకు ఆ చుట్టుపక్కల అతనిదే పేరు. పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటర్ విప్పి కడిగాడు, బిగించాడు, చెవి దగ్గర పెట్టి విన్నట్టుగా స్క్రూ తిప్పాడు. బండి డుగు డుగుమంటూ లెక్కగా కొట్టింది. బరువు మొయ్యలేక ఆగుతోందేమోనని వెనక ఇద్దర్ని కూర్చోబెట్టుకుని వంతెన ఎక్కించి దించాడు. కిక్కురుమనలేదు. కోటేశ్వర్ సంబరంగా ఉదయగిరి చేరి, క్యాన్లు కట్టి, కొండెక్కాడు. మూడో మలుపులో బుడబుడ, నల్లపొగ. మళ్లీ ఆత్మకూరు, మళ్లీ పాట. మళ్లీ ఉదయగిరి, మళ్లీ మూలుగు. మూడు చెరువుల నీళ్లు తాగించిందనుకోండి.

గురువారం పొద్దున్నే షెడ్డు ముందు మళ్లీ అతన్ని చూసి దస్తగిరి తల పట్టుకున్నాడు. విసుక్కున్నా వదిలేసే మనిషి కాదు. ఇంజన్లో నిప్పురవ్వ వేసే ప్లగ్గు విప్పి చూపించాడు, కాటుకలా నల్లగా ఉంది. పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైతే అలా నలుపెక్కుతుందట. గాలి ఎక్కువైతే తెల్లబడుతుంది. ఇటుక రంగుకొస్తే సరిపోయినట్టు. తర్వాత రెండు చిన్న జెట్లు, అంటే ఇంజన్లోకి పెట్రోలు కొలిచి వదిలే ఇత్తడి ముక్కలు, ఒక స్క్రూడ్రైవరూ అతని చేతిలో పెట్టాడు.

“ఇక్కడ దీనికి రోగం లేదు కోటేశా. అది యాడ ఆగతా ఉండాదో ఆడనే కూర్చోని చూసుకో. ఒకసారికి ఒకటే మార్చు. రెండు మార్చినావంటే ఏది తప్పో ఏది ఒప్పో నీకు జన్మలో తెలీదు.”

మధ్యాహ్నానికి కోటేశ్వర్ మూడో మలుపులో రాయి మీద కూర్చున్నాడు. పెట్రోలు ఎక్కువవుతోంది కదా, తగ్గిద్దామని గాలి స్క్రూ కాస్త వదులు చేశాడు. కిందికి దిగి మళ్లీ ఎక్కాడు. ఆగింది, ప్లగ్గు నలుపే. కార్బొరేటర్ లోపలి సూదిని ఒక గాడి కిందికి దించాడు. నలుపే. జెట్టు మార్చి చిన్నది వేశాడు. కాస్త ముందుకెళ్లి ఆగింది గానీ, మళ్లీ నలుపే. వేళ్లు కాలాయి, బొబ్బలెక్కాయి. మేకలు తోలుకుపోతున్న ఓబయ్య నిలబడి చూసి, దాన్ని ఇనపసామానుకు వేసి గాడిదను కొనుక్కోరాదా అని వేళాకోళం చేశాడు. కోటేశ్వర్ తలెత్తలేదు. పట్టు పడితే ఉడుమే అతను.

కసికొద్దీ క్యాన్లన్నీ దించేసి, ఒట్టి బండిని ఎక్కించాడు. ఎక్కింది. కానీ ఇంజన్ టకటక కొట్టుకుంది, దగ్గరికి పోతే సెగ. ప్లగ్గు విప్పితే తెల్లగా సున్నం.

అక్కడ ఆగిపోయాడు. అవే స్క్రూలు, అదే జెట్టు. క్యాన్లుంటే నలుపు, లేకపోతే తెలుపు. బరువెక్కితే మాత్రం గాలి ఎక్కడికి పోతుంది? ఆత్మకూరులో ఇద్దరు మనుషులెక్కితే ఏమీ కాలేదే! అయితే ఇది బరువు గోల కాదేమో. క్యాన్లలో నీళ్లు పారబోయబోయి, చెయ్యి రాక, బండల మధ్య పల్లంలో ఓబయ్య మేకల కోసం పోశాడు. ఖాళీ క్యాన్లను ఎప్పటిలాగే గొంగళి పరిచి, తాడు బిగించి కట్టి, ఎక్కించాడు.

ఈకంత బరువు లేదు. అయినా మూడో మలుపులో బుడబుడమని ఆగింది.

కోటేశ్వర్‌కు సంగతి తట్టింది. రోగం ఇంజన్లో లేదు, క్యాన్లు కట్టడంలో ఉంది. బండి చుట్టూ తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, క్యాను వెనక చెయ్యి పెట్టాడు. సీటు కింద కుడిపక్కన బండి గాలి పీల్చుకునే డబ్బా మూతి ఉంటుంది. మడత పెట్టిన గొంగళి సరిగ్గా దాని మీదికి జారి ఉంది, పైనుంచి క్యాను దాన్ని అదిమిపెట్టి ఉంది. పల్లంలో నెమ్మదిగా పోతే చాలినంత గాలి ఎలాగో దూరేది. ఎత్తు ఎక్కడానికి గట్టిగా పీల్చుకోబోతే ఊపిరాడేది కాదు. పాపం, దస్తగిరి షెడ్డుకు గొంగళి వేసుకుని ఎవడు పోతాడు?

నవ్వాలో ఏడవాలో తెలియలేదు అతనికి. గొంగళి తీసి పక్కన పెట్టాడు. అంతటితో లేచి పరిగెత్తలేదు, అదీ అతని గొప్ప. పాత జెట్టు, పాత గాడి, స్క్రూ పాత చోటు, అన్నీ వెనక్కి తెచ్చి, గొంగళిని రెండు ముక్కలుగా కోసి క్యారియర్ ఇనుముకే చుట్టి కుట్టాడు. అప్పటికి పొద్దు వాలింది. ఖాళీ క్యాన్లతోనే ఇంకొక్కసారి మూడో మలుపు దాటించి, ప్లగ్గు విప్పి చూశాడు. ఇటుక రంగు.

శుక్రవారం మల్లికార్జున కబురు ప్రకారం పొద్దున్నే దొడ్డికొచ్చాడు. తలుపు తీసి గొర్రెపిల్లల్ని వేరు చేస్తున్నాడు కూడా. పిచ్చమ్మ అటు చూడలేక కొండ అంచున కూర్చుంది. కిందనుంచి బండి చప్పుడు వచ్చింది. ఒకటో మలుపు, రెండో మలుపు. మూడో మలుపు దగ్గర ఆమె కళ్లు మూసుకుంది. చప్పుడు ఆగలేదు.

కోటేశ్వర్ క్యాన్లు దించి తొట్టి నింపాడు. తల్లులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి పడ్డాయి. ఏమైందిరా దానికి అని పిచ్చమ్మ అడిగితే ఉన్నమాట చెప్పాడు. ఆమె ముఖం వాడిపోయింది.

“నా చేతులతో నేనే దాని ముక్కు మూసినానా? నేనే మూసి, నేనే జీవాలను అమ్మేదానికి పిలిపించినానా?”

మల్లికార్జున అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఇవాళ ఎక్కింది సరే, రేపు ఇంకో రోగం వచ్చి ఆగితే ఏం చేస్తావక్కా, అప్పుడు నాకు కబురు పెడితే రాను అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పు లేదు, పాత బండి పాత బండే.

పిచ్చమ్మ తొట్టిలోంచి కాదు, క్యానులోంచే ఒక చెంబు నీళ్లు వంచింది.

“ఆగితే మావోడు విప్పుతాడు. మళ్లా ఆగితే మళ్లా విప్పుతాడు. నువ్వు నీళ్లు తాగి పో నాయనా, జీవాలు అమ్మేది లేదు.”

అమ్ముతానని కబురు పెట్టినప్పుడు రాని ఏడుపు, చెంబు అతని చేతికిచ్చాక వచ్చింది ఆమెకు.