ఎడమ చేతికి రెండు తక్కువ

శనివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు లేత్ మీద పనిచేసే ఏలియా కుడి అరచెయ్యి తెగింది. నాచారం ఫ్యాక్టరీ ఫస్ట్ ఎయిడ్ గదిలో నతానియేలు గాయం కడిగి కట్టు కట్టాడు. రిజిస్టరులో ‘విశ్రాంతి, పది రోజులు’ అని రాశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన పని ఇదే. ఏ గాయం ఎన్నాళ్లకు మానుతుందో చూడగానే చెప్పగలడు. ఆ తెలివిడినే ఆటలోకీ తెచ్చాడు.

ఆట ప్రతి శనివారం సాయంత్రం, ఉప్పల్‌లో మురళీధర్ ఇంటి మేడ మీది గదిలో. ఒక్కొక్కరికీ కాగితం మీద ఒక యోధుడు ఉంటాడు. నతానియేలు కథ నడుపుతాడు. కత్తి తగిలిందో లేదో పాచిక చెబుతుంది. ఇరవై రెండేళ్ల కిందట ఆరుగురు మొదలుపెట్టారు. నియమాలన్నీ నతానియేలు నోటుబుక్కులో ఉన్నాయి. మొదట్లో ఒక్కో దెబ్బకు ఐదుసార్లు పాచిక వేయించేవాడు: ఎముకకు, నెత్తురుకు, చీముకు. వంతెన మీది కొట్లాట ఒకటి మూడు శనివారాలు సాగింది. బజ్జీలు చల్లారిపోయాయి.

“డాక్టర్‌సాబ్, జర వాణ్ని సంపెయ్యరాదూ! గీ దవాఖానా నాతోని గాదు,” అని మురళీధర్ మొత్తుకునేవాడు.

ఏడాదికొక నియమం కొట్టేస్తూ వచ్చారు. ఒక్కటి మాత్రం నతానియేలు వదల్లేదు. కత్తి పట్టే చెయ్యి తెగితే ఆ యోధుడు ఆరు శనివారాలు ఆటలోకి దిగకూడదు.

కిందటి శనివారం మురళీధర్ యోధుడి కుడిచెయ్యి తెగింది. సోమవారం ఆసుపత్రిలో డాక్టరు, మురళీధర్ ఇక నెల రోజులకు మించి బతకడని చెప్పాడు. కాలేయం.

మధ్యాహ్నం ప్యాకింగ్ బల్ల దగ్గర నతానియేలుకు ఏలియా కనిపించాడు. ఎడమ చేత్తో డబ్బాలకు చీటీలు అంటిస్తున్నాడు.

“ఇంటికి పోలేదా ఏంది?”

“పోయి ఏం జెయ్యాలె అన్నా? ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది గద.”

చీటీలు వంకరగా పడుతున్నాయి. నతానియేలు కాసేపు నిలబడి చూశాడు.

నాలుగింటికి మేడ ఎక్కాడు. మురళీధర్ వీపు వెనక దిండు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ఆరుగురిలో మిగిలిన మూడోమనిషి సుధీంద్ర బజ్జీలు తెచ్చాడు.

“ఈ ఒక్కసారికి మురళీధర్ గారి చెయ్యి మానిపోయిందనుకుందామండీ,” అన్నాడు సుధీంద్ర.

“ఏంది, నన్ను ఆటల అరటిపండును జేస్తున్రా? ఔటయినా ఆడిపిస్తరా?” అన్నాడు మురళీధర్. “రూలంటే రూలే. మీరు ఆడున్రి, నేను సూస్త.”

నతానియేలు నోటుబుక్కు తెరిచాడు. “రూలే తప్పు రాసిన అన్నా.”

“ఇరవై రెండేండ్లకు యాదికొచ్చిందా?”

“ఇయ్యాల సూసిన. చెయ్యి తెగినోడు ఇంట్ల కూసోడు.” ఏలియా సంగతి చెప్పాడు. పాత నియమం మీద గీత కొట్టి కింద రాశాడు: ఎడమ చేత్తో ఆడవచ్చు. పాచికలో రెండు తగ్గించాలి. అందరికీ.

మురళీధర్ ‘అందరికీ’ మీద వేలు పెట్టి చదివాడు.

“రెండేంది, మూడు పెట్టు. ఎడమ చెయ్యి అంత సక్కగ తిరుగుతదా?”

“రెండే. లేకుంటే ఆట నడవది.”

ఇన్నేళ్లూ ఆ మాట అంటూ వచ్చింది మురళీధర్. ముగ్గురూ నవ్వారు.

పాచికను స్టీలు గ్లాసులో ఆడించి బల్ల మీద బోర్లించడం మురళీధర్ అలవాటు. ఆ రోజు ఎడమ చేత్తో చేశాడు. నాలుగు మిగిలితే దెబ్బ తగిలినట్టు. కథలోని కోట గుమ్మం దగ్గర ఇద్దరు కావలివాళ్లను పడగొట్టాడు. మూడోవాడి కోసం గ్లాసు బోర్లించాడు. అప్పుడే కింద నుంచి భార్య సుశీలమ్మ మందులకు పిలిచింది.

“ఎత్తకున్రి. వచ్చే శనివారం సూద్దాం,” అని గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

బుధవారం ఉదయం ఆరింటికి మురళీధర్ చనిపోయాడు.

శనివారం నాలుగింటికి ఇద్దరూ మేడ ఎక్కారు. నతానియేలు గ్లాసు ఎత్తాడు. ఐదు.

“తగిలిందనుకుందామా అండీ?” అన్నాడు సుధీంద్ర.

నతానియేలు నోటుబుక్కులో రాశాడు: ఐదు. రెండు తక్కువ. మూడు. తగల్లేదు.

పాచికను కదపకుండా, గ్లాసును మళ్లీ దాని మీద బోర్లించాడు.